చాకుకి పెళ్లిచూపులు

మా మామయ్యగారు పోయాక ఆయన వస్తువులు పంచుకున్నప్పుడు ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోయింది ఒక మడత చాకు. చేతిగడియారం పెద్దబావగారు తీసుకున్నారు. వెండి పొడుండబ్బీ మా ఆడపడుచుకి నచ్చింది. పడక్కుర్చీ కోసం ఇద్దరు మాటామాటా అనుకున్నారు కూడా. చాకుని మాత్రం అందరూ ఒకసారి చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్లమీద పెట్టేశారు. "వంటింట్లో పనికొస్తుందేమో, ఉంచు" అని మావారు నా చేతిలో పెట్టారు. చెప్పొద్దూ, నాకు కొంచెం ఒళ్లు మండింది. ఉన్నన్నాళ్లూ ఆయన దగ్గర నేను చవిచూసింది పదునే, పోయాక కూడా అదే నా వాటాకి వచ్చిందా అనిపించింది.

మా మామయ్యగారు చెడ్డమనిషి కాదు. వంకలు పెట్టే మనిషి. ఆ రెండిటికీ తేడా ఉందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. బజారుకి వెళితే కుండని వేలితో కొట్టి చూసేవారు. గొడుగుని మూడుసార్లు తెరిచి మూసేవారు. చెప్పుని తిరగేసి కుట్టు చూసేవారు. ఆయన వస్తున్నారంటే కొట్లవాళ్లు "ఇనస్పెక్టరుగారొస్తున్నారు" అని నవ్వుకునేవారట.

కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఒక టేబుల్ క్లాత్ మీద నెమలిని కుట్టాను. నెల్లాళ్ల పని. అత్తయ్యగారు చూసి మురిసిపోయారు. ఇరుగుపొరుగులు మెచ్చుకున్నారు. మామయ్యగారు దాన్ని చేతిలోకి తీసుకుని చటుక్కున తిరగేశారు! వెనకవైపు ముళ్లూ, ఒక ఈకనుంచి ఇంకో ఈకకి దూకిన దారాలూ. కుట్టుపని తెలిసిన మీకు చెప్పక్కర్లేదు కదా. కాసేపు చూసి, "ఓహో, నెమలి ఇటువైపే ఉందన్నమాట!" అని నా చేతికిచ్చేశారు. ఆ రాత్రి నా ఏడుపు నాకు తెలుసు, నా తలగడకి తెలుసు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, కిందటి సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. వాడికి జేబు చాకులు పోగుచేసే పిచ్చి. తపాలాబిళ్లలు పోగుచేసేవాళ్లని చూశాను గానీ, చాకులేమిటిరా అంటే నవ్వుతాడు. విమానంలో చేతిసంచీలో పెట్టుకోనివ్వరని పెద్దపెట్టెలో సర్దుకుని మరీ రెండు తెచ్చాడు, నాకు చూపించడానికి. సరే, నా దగ్గరా ఒకటుందిరా అని మామయ్యగారి చాకు తీసి ఇచ్చాను.

వాడు ముందు దాన్ని తెరవలేదు. అదే నాకు వింతగా తోచింది. మనమైతే ముందు తెరిచి పదునుందో లేదో చూస్తాం. వాడు మూసిన చాకుని వెలుతురుకి ఎత్తిపట్టి, పిడి మధ్యనున్న గాడిలోకి తొంగిచూశాడు.

"మూసినప్పుడు అలుగు సరిగ్గా మధ్యలో పడుకోవాలి పెద్దమ్మా. ఒక పక్కకి ఒరిగిందంటే, తెరిచినప్పుడల్లా ఆ పక్క రేకుని రాసుకుంటుంది" అన్నాడు. మొన కూడా బయటికి పొడుచుకు రాకూడదట. వస్తే జేబూ చిరుగుతుంది, వేలూ తెగుతుంది.

తర్వాత చాకు వీపుమీద గోరు నడిపించాడు. అక్కడ పొడుగ్గా ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. అలుగుని తెరిస్తే తెరిచినట్టూ, మూస్తే మూసినట్టూ పట్టి ఉంచేది అదే. స్ప్రింగుకీ పక్క రేకులకీ మధ్యనుంచి వెలుతురు కనబడకూడదు, గోరు తట్టుకోకూడదు. మంచి చాకుకి మూసినా తెరిచినా ఈ వీపు ఒకే నున్నగా ఉంటుందట. ఆఖర్న తెరిచి, అలుగుని అటూ ఇటూ కదిపి చూశాడు. కదిలితే సీల వదులన్నమాట. పోనీ అని బిగించేస్తే తెరవబోయిన గోరు విరుగుతుంది. వదులుకీ బిగువుకీ మధ్య వెంట్రుకవాసి చోటుంటుంది, పనివాడి చెయ్యి ఎలాంటిదో అక్కడ తెలిసిపోతుందన్నాడు.

"మరి పదునో?" అన్నాను.

"పదునుదేముంది? సానరాయి ఉంటే నువ్వైనా పెట్టగలవు. వంకరగా బిగించినదాన్ని సరిచెయ్యడమే కష్టం."

వాళ్ల చాకుల లోకంలో ఒక మాట ఉందట: 'వాక్ అండ్ టాక్'. వాక్ అంటే అలుగు తెరుచుకునేటప్పుడు తడబడకుండా, ఒకే వేగంతో సాగడం. టాక్ అంటే చివరికి వచ్చేసరికి స్ప్రింగు 'టక్' మని పలకడం. నడకా, మాటా. ఈ రెండూ బాగున్న చాకు మంచి చాకు.

నాకు నవ్వాగలేదు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! మా పెళ్లిచూపుల్లోనూ ఇదే కదరా చూశారు!" అన్నాను. నిజం. అవిటిదేమోనని గుమ్మందాకా నడిపించారు. మూగదేమోనని పేరడిగి, చదువడిగి, ఒక పాట కూడా పాడించారు. నడకా, మాటా. ఎదురుగా కూర్చున్నవాళ్లలో మామయ్యగారు కూడా ఉన్నారు. ఆయన నాకు ఏం మార్కులు వేశారో ఈనాటికీ తెలియదు.

ఇంతకీ మా చాకు పరీక్షలో ఏమైందో చెప్పలేదు కదూ! తప్పింది. అలుగు కొద్దిగా ఎడమకి ఒరిగి ఉంది. స్ప్రింగు అలిసిపోయింది. "నడక ఫరవాలేదు పెద్దమ్మా, మాటే లేదు" అన్నాడు మావాడు. అంతలో ఏదో కనిపెట్టినట్టు అద్దం తెప్పించుకుని చూసి, "దీన్నెవరో బాగుచేశారు. తక్కిన సీలలన్నీ ఉక్కువి, అలుగు తిరిగే ఈ సీల ఒక్కటీ ఇత్తడిది. చేత్తో కొట్టింది" అన్నాడు.

ఇత్తడి సీల అనగానే నాకు గుర్తొచ్చింది. మా పెద్దాడికి ఆరేళ్లప్పుడు, తాతగారు నిద్రపోతుండగా ఆ చాకు తీసి, పాలడబ్బా మూత ఊడబెరికాడు. చాకు లటలటలాడిపోయింది. ఆయన లేచి ఏమంటారోనని నేను గడగడలాడుతూ గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన చాకుని చూశారు, మనవణ్ణి చూశారు. ఏమీ అనలేదు. చొక్కా వేసుకుని కంసాలి కొట్టుకి వెళ్లి, సాయంత్రానికి బాగుచేయించుకు వచ్చారు. ఆ తరవాత ఎన్ని వేసవులు ఆ ఒరిగిన చాకుతోనే మామిడిపళ్లు కోసి పిల్లలకి పెట్టారో! మామిడి పులుపుకి ఆ ఉక్కు నల్లబడితే, తుడిచి, ఒక కొబ్బరినూనె చుక్క రాసి దాచుకునేవారు.

కొట్లో అయితే అలాంటి చాకుని ఆయన ముట్టుకునేవారు కాదు. ఇంట్లోదాన్ని మాత్రం పారెయ్యలేదు. దీన్ని ఎలా అర్థంచేసుకోవాలి? మావాడు వెళ్లిపోయాక కూడా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

వంకలు వెతకడం తప్పంటారా? మంచితనమంటే దేన్నీ తిరగేసి చూడకపోవడమేనని చాలామంది అంటారు. నేనూ ఆ నెమలి కసితో చాన్నాళ్లు అలాగే అనుకున్నాను. మావాడు తెచ్చిన చాకుల కథ విన్నాక అలా అనలేకపోతున్నాను. అందులో ఒకటి ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊరిది. చాకులకి వందల ఏళ్లుగా పేరున్న ఊరు. సొంత చిన్న పనిగదుల్లో కూర్చుని పనిచేసేవాళ్లని అక్కడ 'లిటిల్ మెస్టర్స్' అంటారట. వాళ్లలో పేరుపొందిన స్టాన్ షా అనే ఆయన 1926లో పుట్టి 2021లో పోయాడు. పిన్నవయసులో పట్టిన ఆకురాయిని ముసలితనం దాకా వదల్లేదు. అలాంటి పనివాళ్లు స్ప్రింగుకి లోపలివైపు కూడా నున్నగా చేస్తారట. చాకు బిగించేశాక ఆ లోపలివైపు ఇక ఎవరికీ కనబడదు. నడకలో మాత్రం తెలుస్తుంది. మనలాంటివాళ్లం ఆ నడకని పట్టించుకోకుండా, పైమెరుగు చూసి కొనుక్కుపోతే, నున్నచేసినవాడికీ చెయ్యనివాడికీ తేడా ఏమిటి? బాగా చేసినవాడికి మనం బాకీపడ్డది డబ్బు ఒక్కటే కాదు, చూసే కన్ను కూడా.

ధర మాటకొస్తే, రెండోది ఫ్రాన్సు దేశపు ఒపినెల్. ఆల్ప్స్ కొండల్లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో తయారుచేశాడు. తెరిచిన అలుగు వేలిమీదికి మూసుకుపోకుండా తిప్పి బిగించే ఉంగరం 1955లో వచ్చింది. ఉంగరంతో కలిపి మొత్తం అయిదే భాగాలు: అలుగు, చెక్కపిడి, సీల, రెండు పట్టీలు. చవక చాకే. తడిస్తే చెక్క ఉబ్బి తెరుచుకోనని మొరాయిస్తుందని మావాడే చెప్పాడు. అయినా దానికీ మంచి మార్కులే వేశాడు. "అది లేని గొప్ప చూపించుకోదు పెద్దమ్మా" అన్నాడు. మన బజార్లో పన్నెండు పనిముట్లతో, తళతళలాడుతూ, నాలుగోసారి తెరిచేసరికి ఊడివచ్చేవాటిని చూస్తే ఆ మాట విలువ తెలుస్తుంది. చవకైనంతమాత్రాన తప్పులేదు, మోసం కాకపోతే చాలు.

కాబట్టి వస్తువుని తిరగేసి చూడవలసిందే. మరి మనుషుల్ని? చిక్కంతా ఇక్కడే ఉంది. పెళ్లిచూపుల్లో నడకా మాటా చూడటంలో ఉన్న తప్పేమిటో నాకు ఆ చాకుని చూస్తుంటే తెలిసింది. చాకు కొట్లోకి వచ్చేసరికి దాని తయారీ అయిపోయి ఉంటుంది. మనిషి అలాక్కాదు. పంతొమ్మిదేళ్ల పిల్ల కుర్చీ అంచున కూర్చుని వణుకుతూ చెప్పిన మాటలో ఆమె ముందు ముందు ఏమవుతుందో ఎక్కడ వినిపిస్తుంది? పైగా వంకరుంటే తిరిగి ఇచ్చెయ్యడానికి చాకుకి కొట్టుంది. మనిషికి ఏ కొట్టుంది? ఇంటికి వచ్చినవాళ్ల విషయంలో చెయ్యగలిగిందల్లా సీల మార్పించుకోవడం, నూనెచుక్క వేసుకోవడం. కొనేముందు కన్ను కావాలి, కొన్నాక చెయ్యి కావాలి.

మామయ్యగారికి ఆ చెయ్యి ఉందనేదే నేను ఆలస్యంగా చూసిన సంగతి. ఎందుకంటారా? ఆ నెమలి టేబుల్ క్లాత్ ఏమైందో మీకు చెప్పలేదు. ఆయన రాసుకునే బల్లమీద ఇరవై ఏళ్లకి పైగా పరిచి ఉంది, నెమలి పైకి కనబడేలా. పదిహేను రోజులకోసారి ఉతికి ఆరేసింది నేనే. ఉతికిన ప్రతిసారీ "నెమలి ఇటువైపే ఉందన్నమాట" అన్న మాటే చెవిలో మోగేది గానీ, ఆ గుడ్డ అక్కడే ఎందుకుందని ఒక్కనాడూ అనుకోలేదు. తక్కిన గుడ్డలు మారాయి, అది మారలేదు. ఆయన నా పనికి వెనకవైపే చూశారని నేను అలిగాను. ఆయన పనికి నేనూ ఒకవైపే చూశాను కదా!

అలాగని ఆయన్ని పూర్తిగా ఒప్పుకోలేను. బల్లమీద పరుచుకున్న మనిషి, "బాగుందమ్మాయ్" అని ఒక్కమాట అనుంటే ఆయన సొమ్మేం పోయింది? ఇరవై ఏళ్ల నా కినుక ఒక్క మాటతో పోయేది. ఆయన చాకులాగే ఆయనా. నడక ఉంది, మాటే లేదు.

మొన్న మా కోడలు పాపకి గౌను కుట్టింది. టీవీలో చూసి నేర్చుకుందట. "ఎలా ఉందత్తయ్యా?" అని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నా చెయ్యి ఊరుకుంటేనా! చటుక్కున తిరగేసింది. లోపల అంతా ముళ్లూ, వేలాడే దారాలూ. తలెత్తి చూద్దును కదా, పిల్ల మొహం చిన్నబోయి ఉంది. ఆ మొహం నాకు బాగా తెలుసు.

"గౌను చాలా బాగుందమ్మా" అన్నాను. అబద్ధం కాదు, మెడ దగ్గర కుచ్చులు ముచ్చటగా ఉన్నాయి. "ఈ దారాలొకటీ పాప ఒంటికి గుచ్చుకుంటాయేమో, ఇలా కూర్చో, కత్తిరిద్దాం" అని మామయ్యగారి చాకు తీశాను. అది చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంది.