వెనక చక్రాల పట్టు

బ్రేకు పని బండిని ఆపడమే అనుకుంటాం. అది సగం పనే. పెడల్ మీంచి కాలు తియ్యగానే చక్రాన్ని వదిలెయ్యడం మిగతా సగం. డ్రమ్ము లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలుంటాయి. పెడల్ నొక్కితే అవి బయటికి జరిగి, తిరుగుతున్న డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటూ పట్టేస్తాయి. కాలు తీస్తే స్ప్రింగులు వాటిని మళ్లీ లోపలికి లాగేస్తాయి. 1902లో లూయీ రెనో ఈ డ్రమ్ బ్రేకుకు రూపం ఇచ్చాక కేబుళ్లు పోయి ఆయిల్ వచ్చింది, లైనింగులు మారాయి గానీ, పట్టడం, వదలడం అన్న ఆ రెండు పనులూ అలాగే ఉన్నాయి. ఆ స్ప్రింగుల గురించి ఎవరూ మాట్లాడరు. ఇన్నాళ్లూ నేనూ ఆలోచించలేదు. మామయ్య అంబాసిడర్ వెనక చక్రాలు కదలనని మొరాయించాకే ఆలోచించాను.

ఆ బండి 1973లో రిజిస్టరైంది. మార్క్ 2 మోడల్, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. మామయ్య చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషి. మాయాపురి తుక్కు బజారుకు తోలడానికి మాత్రం మనసొప్పలేదు. మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో తామున్న సొసైటీ ప్రహరీగోడ పక్కన నిలబెట్టి, గేరులో వేసి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, పైన కవరు కప్పేశారు. అక్కడ నేల కాస్త ఏటవాలు. బండి వెనకే పిల్లలు క్రికెట్ ఆడతారు.

యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బళ్లను వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్ర రవాణా శాఖ నియమాలు తెచ్చింది. రోజూ తిప్పడానికి కాదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తీసుకెళ్లొచ్చు. 2023కి మామయ్య బండి ఆ వయసు అందుకుంది. ఇంజిన్ కొద్దిపాటి బుజ్జగింపుతోనే లేచింది. ముందు చక్రాలు తిరిగాయి. వెనకవి మాత్రం నేలకు అంటుకుపోయినట్టు ఉండిపోయాయి.

త్రిలోక్‌పురి నుంచి ఒక పెద్ద వయసు మిస్త్రీ వచ్చాడు. చుట్టూ చేరిన వాళ్లంతా ఒకటే సలహా: సుత్తితో నాలుగు గట్టి దెబ్బలు వెయ్యమని. ఆయన సుత్తి పక్కన పెట్టి, బోర్లా పడుకుని, డ్రమ్ము వెనక వైపు వేళ్లతో తడుముతూ ఉండిపోయాడు. "ముందు ఎక్కడ పట్టుకుందో తెలియాలి సాబ్" అన్నాడు.

బయటి నుంచి చూస్తే బిగుసుకుపోయిన డ్రమ్ములన్నీ ఒకేలా ఉంటాయి. లోపలి కారణాలు మాత్రం వేరు. హబ్బు మీద డ్రమ్ము కూర్చునే చోట వెంట్రుకవాసి సందే ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే రెట్టింపుకు పైగా చోటు కోరుతుంది కాబట్టి ఆ సందును తుప్పే నింపేస్తుంది. లేదా ఏళ్ల తరబడి షూలు ఒరుసుకున్న చోట డ్రమ్ము అరిగి, అరగని అంచు గట్టులా మిగిలిపోతుంది. బయటికి లాగుతుంటే షూలు ఆ గట్టుకు తగులుకుంటాయి. వీల్ సిలిండర్లో పిస్టన్ పట్టేసి ఉండొచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమతో సిలిండరు లోపలి నుంచే తుప్పు పడుతుంది. హ్యాండ్‌బ్రేకు కేబుల్ దాని తొడుగులోనే బిగిసిపోయి ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే, ఏళ్లపాటు ఒత్తుకుని ఉన్న లైనింగే డ్రమ్ముకు అతుక్కుపోయి ఉంటుంది. అడ్జస్టరు వదులు చెయ్యాల్సిన చోట సుత్తి వాడితే పోత ఇనుము వంగదు, నిట్టనిలువునా చిట్లుతుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఒక డ్రమ్ము పగిలితే కశ్మీరీ గేటు విడిభాగాల బజారులో కొట్టు కొట్టుకూ తిరగాలి.

డ్రమ్ బ్రేకులో ఇంకో గుణముంది, నన్ను ఎక్కువగా పట్టేసింది అదే. షూలు డ్రమ్మును తాకి ఉన్నప్పుడు చక్రాన్ని బలవంతంగా తిప్పబోతే, ఆ తిరిగే బలమే ముందున్న షూను మరింత లోతుగా డ్రమ్ములోకి లాక్కుంటుంది. నడుస్తున్న బండిని ఆపడానికి అది వరం. ఆగిపోయినదాన్ని కదిలించాలంటే మాత్రం, మనం పెట్టే బలం కొంత మనకే ఎదురు నిలుస్తుంది.

ఇక తుప్పు సంగతి. ఇదే ఢిల్లీలో, మెహ్రౌలీలో, ఒక ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా ఎండకీ వానకీ నిలబడి ఉంది. దానికి తుప్పు పట్టక కాదు. ఆ ఇనుములో ఫాస్ఫరస్ పాలు ఎక్కువ కావడంతో, పట్టిన పలుచని తుప్పే పొరగా మారి కింది ఇనుమును కాస్తోందని కాన్పూర్ ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. అది ఆరుబయట ఉంది, తడిసినా ఆరుతుంది. మామయ్య బండి కవరు కింద ఉంది. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు పొంగి, నది ఒడ్డు ఖాదర్ పొలాల్లో ఉండేవాళ్లు మయూర్ విహార్ రోడ్ల పక్కన గుడారాల్లో తలదాచుకున్న ఆ వానల్లో కూడా, తడవకూడదని కప్పిన ఆ కవరు లోపలి చెమ్మను బయటికి పోనివ్వలేదు.

మిస్త్రీ మొదట హ్యాండ్‌బ్రేకు కేబుల్ సంగతి చూశాడు. బండి లోపల లివరు కిందికే ఉంది, చక్రం దగ్గర కేబుల్ మాత్రం లాగిన చోటే ఉండిపోయింది. దాన్ని అక్కడే విడదీశాడు. అడ్జస్టరును వెనక్కి తిప్పాడు. డ్రమ్మును హబ్బుకు పట్టి ఉంచే స్క్రూలు తీశాడు. హబ్బు చుట్టూ నూనె పోసి, మర్నాడు వస్తానని వెళ్లిపోయాడు. మర్నాడు బోల్టుల మధ్య చదునుగా ఉన్న చోట కర్రముక్క ఆనించి, తిప్పి తిప్పి చిన్న దెబ్బలు వేశాడు. అంచు జోలికి పోలేదు. మొదట మట్టికుండను తట్టినట్టు మొద్దు చప్పుడు. ఎంతో సేపటికి అందులో ఒక సన్నని ఖంగుమనే మోత కలిసింది. ఆయన చెయ్యి అక్కడ ఆగింది. హబ్బు చుట్టూ ఎర్రటి పొడి గీతలా రాలింది. ఆపైన డ్రమ్ము పెద్ద పేచీ పెట్టలేదు. లోపల దుమ్మును ఊదబోయిన, తనతో వచ్చిన కుర్రాణ్ని కసిరి, తడిగుడ్డతో తుడిపించాడు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. డ్రమ్ము లోపలి గోడ మీద షూ ఆనిన మేర దాని ఆకారమే తుప్పుతో అచ్చు పడి ఉంది.

మామయ్య దాన్ని చాలాసేపు చూశారు. "హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా ఎలా వదుల్తార్రా? వెనక పిల్లలాడుతుంటేనూ" అన్నారు. ఆయన అన్నది ముమ్మాటికీ నిజం. ఆ రోజు ఆ పని సరైనదే. ఆ తర్వాత మళ్లీ ఎవరూ దాన్ని ముట్టుకోకపోవడం దగ్గరే చిక్కంతా వచ్చింది.

మనుషుల మధ్య బిగిసిన ముళ్లు చాలావరకు ఇలాగే పడతాయని నా నమ్మకం. పట్టుదల వల్లో, చెడ్డతనం వల్లో పడ్డవి తక్కువ. నేనెరిగిన ఒక కుటుంబంలో అన్నదమ్ములిద్దరూ ఊళ్లో ఇంటిని ఒకరి సంతకం లేకుండా మరొకరు అమ్మకూడదని కాగితం రాసుకున్నారు. తల్లి ఉన్నంతకాలం ఆమె నీడకు భయం ఉండకూడదని రాసిన కాగితం అది. తల్లి వెళ్లిపోయింది. కాగితం ఉండిపోయింది. ఇల్లు అమ్ముడుపోదు, బాగుపడదు, పెంకులు జారిపోతున్నాయి. ఇప్పుడు ఇద్దరూ కోర్టులో ఉన్నారు. ఒకరు ఎంత గట్టిగా లాగితే రెండోవారు అంత బిగుసుకుంటున్నారు. ఆ కాగితం ఎవరి కోసం రాశారో ఒక్కసారి ఇద్దరూ కూర్చుని గుర్తు చేసుకుంటే సగం ముడి వదులవుతుందని నాకనిపిస్తుంది. వకీళ్ల నోటీసుల్లో తల్లి పేరు ఎక్కడా కనబడదు.

ఎక్కువ రోజులు నిలిపే బండికి హ్యాండ్‌బ్రేకు వెయ్యొద్దని, గేరులో ఉంచి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టమని మిస్త్రీ చెప్పాడు. మామయ్య ఒప్పుకోలేదు. ఇటుకల్ని పిల్లలు వికెట్లకు తీసుకుపోతారట. చాలా వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చారు: బ్రేకు ఉంటుంది, కానీ ప్రతి ఆదివారం ఆయన కిందికి దిగి దాన్ని వదిలి, బండిని ఒక గజం ముందుకూ వెనక్కూ జరిపి మళ్లీ వెయ్యాలి. మిస్త్రీ తలూపి, కుడివైపు చక్రం కింద జాకీ పెట్టాడు. వీల్ సిలిండర్లకు రబ్బర్లు, కొత్త లైనింగులు కశ్మీరీ గేటు నుంచి తేవాల్సిన జాబితా నా చేతికిచ్చాడు.