పిలిచిన వచ్చిన దానిని కొట్టవచ్చునా?

కోతలు ముగిసిన పిమ్మట కురిచేడు చుట్టుపట్ల చేలలో గొఱ్ఱెల మందలు దిగును. ఎరువు కొఱకు రైతు తన పొలమున మంద కట్టించుకొనును. కాపరి రాత్రి యంతయు అచటనే పండుకొనును. అతనికి తోడు ఒక కఱ్ఱ, ఒక కంబళి, ఒక కుక్క. నక్క వచ్చినను దొంగ వచ్చినను ముందుగా లేచునది ఆ కుక్కయే.

ఇట్టి కాపరి నొకనిని పాఠకులు భావింతురు గాక. ఒక రాత్రి అతని కుక్క మందను విడిచి ఎచటికో పోయినది. తెల్లవాఱుసరికి ఒక గొఱ్ఱెపిల్ల కనబడలేదు. కాపరికి కడుపు మండెను. అంతలో దూరమున చేనిగట్టుపై కుక్క కనబడగా పేరు పెట్టి పిలిచెను. కుక్క చెవులు నిక్కించి, తోక యాడించుచు పరుగున వచ్చి అతని కాళ్లయొద్ద నిలిచెను. కాపరి కఱ్ఱ యెత్తి కొట్టెను.

ఆ దెబ్బ న్యాయమా? పేద కాపరికి ఒక గొఱ్ఱెపిల్ల చిన్న సొమ్ము కాదు. అతని దుఃఖము నిజము. కుక్క చేసిన తప్పును నిజమే. అయినను ఆ దెబ్బ ఏ పనికి తగిలినదో విచారింపవలసి యున్నది.

మనుష్యునకు భాష కలదు. నిన్నటి తప్పునకు నేటి శిక్షయని చెప్పినచో అతడు గ్రహింపగలడు. శునకమునకు ఆ ముడి వేసి చెప్పుట యెవరికిని సాధ్యము కాదు. అది తాను ఇప్పుడే చేసిన పనికిని, వెంటనే కలిగిన ఫలమునకును సంబంధము కల్పించుకొనును. మందను విడిచినది రాత్రి. పిలుపునకు వచ్చినది ఈ క్షణమున. కావున మంద విడువరాదను పాఠము దానికి అందలేదు. యజమాని పిలిచినచో దగ్గఱకు పోరాదను పాఠము మాత్రము చక్కగా అందినది. మఱునాడు పిలిచినపుడు అది పది బారల దూరమున ఆగి, తోక ముడిచి చూచును. కాపరి అది మొండిదైనదని తలచి మరల కఱ్ఱ యెత్తును. ఆ మొండితనమును దానికి నేర్పినవాడు తానేనని అతడెఱుగడు.

కఱ్ఱను సమర్థించువారు దండమునకు పది గుణములు గలవను మాటను తఱచు చెప్పుదురు. బడిపిల్లవానిని కొట్టునపుడును, ఎద్దును కొట్టునపుడును ఈ మాటయే వినబడును. కాని ఆ మాట పుట్టిన సంస్కృత శ్లోకమును చదివినవారికి దాని భావము వేఱుగా తోచును. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు ఎదురైనపుడును, బురదలోను, నీటిలోను, అంధత్వమునను, చీకటియందును, ముసలితనమునను చేతికఱ్ఱ అక్కఱకు వచ్చునని మాత్రమే అందు చెప్పబడినది. అది బాటసారికి ఆధారము. మీదికి వచ్చు కుక్కను అదలించుటకు సాధనము. ఇంటి కుక్కకు కఱ్ఱతో విద్య నేర్పుమని ఆ శ్లోకకర్త చెప్పలేదు. ఆత్మరక్షణకు చెప్పిన మాటను బోధనకు తెచ్చుకొన్నది లోకమే.

తెలుగున మహాభారతమును చదువువారికి ఆదిపర్వారంభముననే ఒక కుక్కపిల్ల కథ ఎదురగును. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా దేవశుని యైన సరమ కొడుకు సారమేయుడు అచటికి వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనెను. సరమ రాజసభకు వచ్చి, ఏ తప్పును చేయని తన బిడ్డను ఏల కొట్టితిరని అడిగెను. ఎదురుచూడని భయము కలుగునని పలికి పోయెను. అంతటి మహాగ్రంథమునకు ముంగిట దెబ్బతిన్న కుక్కపిల్లను నిలుపుటలో గొప్ప వివేకము కలదు. బలవంతుడు తన చేతిదెబ్బకు కారణము చెప్పుకొనవలసినవాడే యని ఆ కథ తెలుపుచున్నది. కాపరి దెబ్బకు కారణము కలదు. కాని అది కొట్టబడిన దానికి తెలియని కారణము.

పాశ్చాత్యులును చాలకాలము బలప్రయోగమునే నమ్మిరి. జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ 1910లో ప్రకటించిన శునకశిక్షణగ్రంథమున నిర్బంధమునకు ప్రధానస్థానము కలదు. అంతకు ముందే, 1898లో, అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను, కుక్కలను పెట్టెలలో నుంచి, అవి తలుపు తీసికొని బయటపడు తీరును పరిశీలించి యుండెను. సుఖము కలిగించిన చేష్ట స్థిరపడుననియు, బాధ కలిగించినది సడలిపోవుననియు ఆయన సూత్రము చేసెను. తరువాత మఱికొన్ని పరీక్షలు జరిపి, 1930 ప్రాంతమున ఆ సూత్రపు రెండవ సగమును తానే సవరించుకొనెను. బహుమానము అలవాటును బలపఱచినంతగా శిక్ష దానిని తొలగింపజాలదని ఆయన కడపటి నిర్ణయము. తన మాటలో సగము తప్పని ఒప్పుకొనుటకు పండితునకు ధైర్యము కావలయును.

ఇటీవలి పరిశీలనలును ఈ మార్గమునే చూపుచున్నవి. పోర్చుగల్ దేశమున శిక్షణాలయములలో నున్న 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ఒక అధ్యయనము ప్రకటింపబడినది. గద్దింపుతోను, గొలుసు గుంజుటతోను నేర్పబడిన కుక్కలలో కలతను తెలుపు చేష్టలు అధికముగా కనబడెను. శిక్షణానంతరము వాని లాలాజలమున ఒత్తిడిని సూచించు కార్టిసాల్ ఎక్కువగా నుండెను. బహుమానములతో నేర్చిన వానియందు ఇట్టి కలత తక్కువ.

బహుమానముతో నేర్పుట యనగా ఎట్టిది? చెడిన పిలుపును కాపరి మరల బాగుచేసికొనవలెనన్నచో, జొన్నరొట్టెను గోరంత ముక్కలుగా త్రుంచి కొంగున ముడివేసికొనవలెను. కుక్క నాలుగడుగుల దూరమున నున్నపుడే పేరు పిలువవలెను. అది తనవైపు అడుగు వేసిన క్షణముననే “శభాష్” అని ప్రేమతో పలికి, దగ్గఱకు రాగానే ముక్క నీయవలెను. ఆలస్యమైనచో ముక్క దక్కును గాని పాఠము దక్కదు. కొన్ని దినములకు దూరమును పెంచవలెను. అలవాటు కుదిరిన పిమ్మట ముక్కను ఒకమాఱు ఇచ్చి ఒకమాఱు మానవచ్చును. మంచిమాట మాత్రము మానరాదు. కట్టివేయవలసి వచ్చినపుడు, తిట్టవలెనని తోచినపుడు, కుక్కను పిలువరాదు. తానే దానియొద్దకు పోవలెను. పిలుపు ఎన్నడును అపకారమునకు ద్వారము కారాదు.

మందను విడువకుండుటయు ఇట్లే నేర్పవలెను. తొలి దినములలో రాత్రి మందచెంతనే దానిని కట్టి, మందచెంతనే తిండి పెట్టి, అచట నిలిచియున్నంతసేపును నడుమ నడుమ లాలింపవలెను. ఈ పని చేయబోవునపుడు కాపరికి ఒక ప్రశ్న ఎదురగును: ఆ రాత్రి కుక్కకు కడుపునిండ పెట్టితినా? ఆకలిచే ఊరివైపు పోయిన దానిని కొట్టినవాడు తన మఱపునకు దాని వీపున శిక్ష వేసినవాడగును. దయతో నేర్పువాడు మొదట తన నడతనే దిద్దుకొనవలసి వచ్చును. తొందరను, కోపమును, అన్యమనస్కతను విడువనివానికి ఈ పద్ధతి పట్టుబడదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. రొట్టెముక్కకై చేసిన పని పనియా? ఇది లంచము కాదా? ఫలాపేక్ష లేని కాయకమును కొనియాడు సమాజమున ఈ ప్రశ్న సహజమే. లంచమునకును బహుమానమునకును గల భేదము స్పష్టము. లంచము ధర్మము తప్పించుటకు ఇచ్చునది, రహస్యముగా ఇచ్చునది. బహుమానము సరియైన పని జరిగిన తరువాత, అది సరియైనదని తెలుపుటకు ఇచ్చునది. మాటలు రాని ప్రాణికి అదియే “అవును” అను ప్రత్యుత్తరము. శరణులును కాయకమునకు రావలసిన ఫలమును త్రోసిపుచ్చలేదు. ఆయ్దక్కి మారయ్య నిత్యమును ఏరి తెచ్చు బియ్యముకంటె ఒకనాడు అధికముగా తీసికొని రాగా, భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి పోసి రమ్మని పంపెనని చరిత్ర. ఆమె వద్దన్నది మితిమీరిన దానినే గాని, ఆ పూటకు తగిన గింజలను కాదు.

పైగా కుక్క రొట్టెకు మాత్రమే లోబడునదియు కాదు. 2016లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమువారు శునకముల మెదడును చిత్రించు యంత్రముతో పరీక్షించి చూడగా, అందలి అత్యధికము యజమాని ప్రశంసను ఆహారముతో సమముగనో, అంతకంటె మిక్కిలిగనో ఆదరించినట్లు తేలెను. కాపరులకు ఇది క్రొత్త సంగతి కాదు. తిండి పెట్టినవాడు లేచిపోయిన తరువాతను కుక్క వాని వెంట నడచుటను వారు నిత్యము చూచుచునే యున్నారు.

రెండవ ఆక్షేపణ భయమును గూర్చినది. భయము లేని కుక్క కోళ్లను పట్టును, బాటసారుల మీదికి పోవును అందురు. కట్టు లేకుండ విడుచుటను దయ యనరాదు. పసివాండ్ర మీదికి పోవు కుక్కను గొలుసుతో కట్టుట, టీకా వేయించుట, కోళ్ల గూటికి తడిక బిగించుట యజమాని విధులు. తప్పు చేసినపుడు బహుమానమును ఆపి ముఖము త్రిప్పుకొనుటయు కుక్కకు తెలిసిన శిక్షయే. నియమము ఉండవలెను. దానికి నొప్పి ఆధారము కానక్కఱలేదు.

కఱ్ఱకు సాధ్యము కాని పనులు కొన్ని కలవు. బసవేశ్వరుడు ఐక్యమందిన కూడలసంగమము గల బాగల్‌కోట జిల్లాయందే ముధోళ్ అను ఊరు కలదు; ఆ పేరిటి వేటకుక్కలు ప్రసిద్ధములు. 2016లో ముధోళ్ కుక్కపిల్లలను కొన్నింటిని సైన్యమువారు మీరట్‌లోని తమ పశువైద్యదళపు శిక్షణకేంద్రమునకు తీసికొనిపోయిరి. సైన్యమునందును పోలీసు శాఖయందును కుక్కలు భూమిలో దాచిన మందుగుండును వాసనచే కనుగొనును. ఆ వాసన మనుష్యునకు తెలియదు. కొట్టినచో కుక్క కూర్చుండవచ్చును, నడువవచ్చును. కాని ఇష్టము లేనిదే అది శ్రద్ధగా వాసన చూచునట్లు చేయు దెబ్బ లేదు. అట్టి కుక్కకు తఱచుగా దొరకు జీతము ఒక బంతి, కొంచెము ఆట, ఒక మెచ్చుకోలు. మనుష్యుల ప్రాణములు ఆ సంతోషముపై ఆధారపడి యున్నవి.

ఈ విచారము కుక్కతో ముగియునది కాదు. పలక పగులగొట్టిన పిల్లవాడు భయపడుచునే తండ్రియొద్దకు వచ్చి నిజము చెప్పును. తండ్రి వెంటనే చెంపపై కొట్టును. పలక పగిలినందులకే కొట్టితినని తండ్రి తలచును. నిజము చెప్పినందులకే దెబ్బ పడినదని బిడ్డ నేర్చును. తరువాత అబద్ధమాడిన బిడ్డను చూచి ఇంటివారు ఆశ్చర్యపడుదురు. చేనిగట్టు కడ జరిగినదే ఇంటిలోను జరిగినది. నిజముతో వచ్చినవానిని మొదట దగ్గఱకు తీసికొని, పిమ్మట పలక మాట మాటలాడవచ్చును. అట్లని చేయని పనికి మెచ్చుకొనుటయు తగదు. కుక్కకైనను బిడ్డకైనను ప్రశంస నిజమై యుండవలెను. ఊరక పొగడిన పొగడ్త దారి చూపదు.

మన దేశమున 1960నాటి చట్టము జంతువులను నిష్కారణముగా బాధించుట నేరమని చెప్పుచున్నది. 1976లో జరిగిన నలువది రెండవ సవరణ ప్రాణికోటిపై దయను పౌరుల ప్రాథమిక విధులలో చేర్చెను. బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దముననే దయను ధర్మమునకు మూలముగా నిలిపి యుండెను. మృదువచనమును జపతపములతో సమముగా భావించెను. హావినహాళ కల్లయ్య కుక్కచే వేదము పలికించెనను కథయు వీరశైవులకు సుపరిచితమే. అది భక్తిమహిమను చెప్పు కథ. అయినను అల్పమని త్రోసివేయదగిన ప్రాణి లేదను మాట అందు స్పష్టముగా వినబడుచున్నది. ఇష్టలింగమును ధరించిన చేయి కఱ్ఱ యెత్తునపుడు ఈ పెద్దలను ఒకమాఱు తలచుకొనుట మేలు.

చేనిగట్టుపై నున్న కుక్క వంకకు మరల చూతము. పిల్ల పోయినది, అది తిరిగి రాదు. కుక్క మాత్రము పిలుపు విని వచ్చి, కాళ్లయొద్ద నిలిచియున్నది. ఆ నిమిషమున కాపరి చేయి కఱ్ఱపైకి పోవునా, కొంగున నున్న రొట్టెముక్కపైకి పోవునా యను దానిని బట్టి రేపటి రాత్రి మందకు కావలి యుండునో లేదో తేలును. పిలిచిన వచ్చిన దానిని కొట్టరాదు. రొట్టె లేనినాడు తల నిమిరి ఒక మంచిమాట యనినను చాలును.