తండ్రి ఎదురువచ్చు మైదానము

వాక్యభాగము: మలాకీ 4:6, లూకా 15:11–24



సంఘ పత్రికలో సినిమా సంగతి ఏల అని పెద్దలు కొందరు అడుగవచ్చును. పౌలు ఏథెన్సులో అన్యకవుల మాటను ఎత్తియే సువార్త చెప్పెను (అపొ. కా. 17:28). లోకులు ఒక కథను ఏండ్ల తరబడి విడువకయున్న యెడల, వారి హృదయములో ఏ ఆకలి ఉన్నదో ఆ కథ మనకు చూపును.

1989లో అమెరికాలో 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్' అను చిత్రము విడుదలయ్యెను. డబ్ల్యు.పి. కిన్సెల్లా 1982లో వ్రాసిన నవల దానికి ఆధారము. అయోవా రాష్ట్రములో రే అను రైతు మొక్కజొన్న పండించుచుండును. ఒకనాడు చేనిలో ఒక స్వరము, నీవు కట్టుము, అతడు వచ్చును అను భావముతో పలుకును. అతడు పచ్చని పైరును దున్ని, బేస్‌బాల్ మైదానము వేయును. బేస్‌బాల్ మన క్రికెట్టువలె బంతి, బ్యాటు ఆట. ఇరుగుపొరుగు నవ్వుదురు. అప్పు పెరిగి భూమి చేజారు స్థితి వచ్చును. అప్పుడు ఏనాడో చనిపోయిన ఆటగాళ్లు పైరు నడుమనుండి నడచివచ్చి ఆడుదురు. కడపట వచ్చినవాడు రే యొక్క తండ్రి. పదిహేడవ యేట తండ్రితో మాటపడి ఇల్లు విడిచిన రే, ఆయన బ్రదికియుండగా సమాధానపడలేదు. ఇప్పుడు ఇద్దరును బంతి విసురుకొందురు. కథ అంతే.

ఈ చిత్రము తీసిన డయర్స్‌విల్ మైదానమునకు జనులు నేటికిని పోవుచున్నారు. 2021 ఆగస్టు 12న ఆ చోటనే, చేని ప్రక్కన, పెద్ద జట్ల పోటీ ఒకటి నిజముగా జరిగెను. ఆట తెలియనివారు సయితము ఆ చిత్రము చూచి ఏడ్తురు. బంతి కొరకు కాదు. నాయనతో ఒక్కసారి మాటలాడగలిగిన యెడల ఎంత బాగుండును అను దుఃఖము ప్రతి దేశములోను ఉన్నది.

ప్రియులారా, ఇందులో మనకు రెండు సంగతులు కలవు.

మొదటిది, స్వరమును పరీక్షింపవలెను. చిత్రములోని స్వరము ఎవరిదో ఎవరును చెప్పరు. మనము అట్లు కాదు. ప్రతి ఆత్మను పరీక్షించుడని యోహాను హెచ్చరించెను (1 యోహాను 4:1). మన తెలుగు బాప్టిస్టు చరిత్ర చూడుడి. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు మోకరించిరి. ఒంగోలుకు ఒక మిషనరీని పంపుమని అడిగిరి. వెంటనే ఎవరును రాలేదు. 1866లో క్లౌ దొరగారు వచ్చి ఒంగోలులో స్థిరపడిరి. కరవు కాలములో బకింగ్‌హాము కాలువ పని పట్టి ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిరి. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ప్రార్థనకును ఫలమునకును నడుమ 24 సంవత్సరములు ఉండెను. అది మాయ కాదు. విశ్వాసము, చెమట, ఓర్పు.

రెండవది, సమాధానమునకు దినము నేడే. చిత్రములో మొదట వచ్చు షూలెస్ జో జాక్సన్ నిజముగా ఉన్నవాడు. 1919 పోటీలలో లంచము పుచ్చుకొని ఓడిరను నిందపై నిషేధింపబడిన ఎనిమిదిమందిలో ఒకడు. 1921లో న్యాయస్థానము నిర్దోషులని చెప్పినను నిషేధము పోలేదు. ఆ నిషేధములోనే 1951లో చనిపోయెను. అతని పేరు ఆ జాబితానుండి తీసివేయబడినది 2025లో. సమాధికి చేరిన 73 ఏండ్లకు వచ్చిన విడుదల అతడు వినలేదు. మనుష్యులు ఇంత ఆలస్యము చేయుదురు. లూకా 15లోని తండ్రి అట్లు చేయలేదు. కుమారుడు ఇంకను దూరముననుండగా చూచి పరుగెత్తెను. ఆ తండ్రి బ్రదికియున్నాడు, ఆ కుమారుడును బ్రదికియున్నాడు. అదే సువార్త.

చనిపోయిన తండ్రి మన చేనిలోనికి నడచిరాడు. అట్టి మైదానము కథలోనే ఉన్నది. కనుక బ్రదికియుండగానే మాటలాడవలెను. పని కొరకు ఊరు విడిచివచ్చిన మనలో, ఇంటికి డబ్బు పంపుచు తండ్రితో మాత్రము మాటలాడనివారు లేరా? పొలము పంపకమునుబట్టియో, పెండ్లినిబట్టియో, విశ్వాసమునుబట్టియో తెగిన మాట అట్లే నిలిచిపోయినది. నాందేడు దాటిన గోదావరి నీరు బాసర మీదుగా తెలుగు నేలకు పోవుచున్నది. నీరు ఇంటికి పోవుచుండగా మన మాట ఏల పోదు?

ఈ వారమే ఫోను చేయుడి. తప్పు ఎవరిదని లెక్క తీయకుడి. సెలవు దొరికినప్పుడు రైలెక్కి ముఖాముఖిగా కూర్చుండుడి. తండ్రులారా, మీరును కుమారుని రాక కొరకు గడపలోనే నిలువక, నాలుగడుగులు ఎదురు వెళ్లుడి. తండ్రి లేనివారు దుఃఖపడకుడి. మీకు పరలోకపు తండ్రి కలడు, సంఘములో తండ్రివంటి వృద్ధులు కలరు.

తండ్రుల హృదయములను పిల్లలతట్టును, పిల్లల హృదయములను తండ్రులతట్టును త్రిప్పు దేవుడు మన ఇండ్లను కట్టునుగాక. ఆమేన్.