రీసెట్ నొక్కడం ఓర్పేనా?

ఈ వారం వీడియోలో భగవద్గీత మూడో అధ్యాయం, 33వ శ్లోకం దగ్గర ఆగాం. స్వభావాన్ని బలవంతంగా నొక్కిపెడితే ఏమొస్తుందని కృష్ణుడు అక్కడ నిలదీస్తాడు. ఇది వింటే మనలో చాలామందికి కొంచెం తికమకగానే ఉంటుంది. ఎందుకంటే చిన్నప్పటి నుంచి మనకి చెప్పింది వేరు. కోపం వస్తే మింగేయ్, సర్దుకుపో, అదే ఓర్పు అన్నారు. మరి ఓర్చుకోవడానికీ, అణచుకోవడానికీ తేడా ఎక్కడుంది? వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన ఈ ప్రశ్నని ఇక్కడ తీరిగ్గా చూద్దాం.

దీనికి నాకు బాగా పనికొచ్చిన ఉదాహరణ పురాణాల్లోది కాదు. ఇంగ్లండ్‌లో మేం ఉండే అద్దె ఇంట్లో, వంటగది గోడకి బిగించిన బాయిలర్.

గీజర్ మాత్రమే చూసినవాళ్ల కోసం చిన్న మాట. బాయిలర్ గ్యాస్ మంటతో నీళ్లు కాచి, పైపుల గుండా ప్రతి గదిలోని రేడియేటర్‌కీ పంపుతుంది. కాంబి రకమైతే కుళాయిలో వేడినీళ్లు కూడా దాని నుంచే. జనవరిలో అది ఆగిందంటే కొన్ని గంటల్లో ఇల్లు చల్లబడిపోతుంది. ఆగేటప్పుడు చిన్న తెర మీద ఒక అక్షరం, కొన్ని అంకెలు చూపిస్తుంది. అదే ఎర్రర్ కోడ్. ఆ పక్కనే రీసెట్ బటన్.

కోడ్ అంటే జబ్బు పేరు అనుకుంటాం. నిజానికి మెషీన్ తనకి కనిపించింది మాత్రమే చెబుతుంది. ఎందుకలా అయిందో చెప్పదు. పైగా కంపెనీకో భాష. నీళ్ల ప్రెషర్ తగ్గిందని చెప్పడానికి వేలంట్ బాయిలర్ ఎఫ్22 అంటే, బాక్సీ ఈ119 అంటుంది, ఐడియల్ లాజిక్ ఎఫ్1 అంటుంది. ఇక మంట నిలవలేదు అనే కోడ్‌నే తీసుకోండి. ప్రీపెయిడ్ మీటర్‌లో డబ్బులు అయిపోయి ఉండొచ్చు. మంటని పసిగట్టే ఎలక్ట్రోడ్ పాడై ఉండొచ్చు. బయట నీళ్లు పోయే పైపు గడ్డకట్టి ఉండొచ్చు. పైకి కనిపించే కోడ్ ఒక్కటే, లోపలి కారణం మాత్రం వేరువేరు.

ఇంకోటి కూడా గమనించండి. మంట కనిపించకపోతే బాయిలర్ వెంటనే గ్యాస్ మూసేస్తుంది. మళ్లీ కొన్నిసార్లు ప్రయత్నించి, కుదరకపోతే తనకి తనే తాళం వేసుకుంటుంది. మండని గ్యాస్ లోపల పోగవకూడదని ఆ జాగ్రత్త. మనకేమో అది మొండికేసినట్టు కనిపిస్తుంది.

పోయిన జనవరిలో ఒక రాత్రి మాకు ఇదే జరిగింది. నాతోపాటు ఉండే అబ్బాయిది గుంటూరు. మాస్టర్స్ చదవడానికి వచ్చాడు, నన్ను అన్నా అంటాడు. వాడు రీసెట్ నొక్కాడు. "వెలిగింది అన్నా!" అన్నాడు. పది నిమిషాలకి మళ్లీ అదే కోడ్. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

మాన్యువల్ తీసి చూస్తే మంట నిలవడం లేదని ఉంది. ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాం. స్టవ్ వెలిగిస్తే వెలిగింది, అంటే గ్యాస్ వస్తోంది. ప్రెషర్ ముల్లు 1కీ 1.5 బార్‌కీ మధ్యలోనే ఉంది, అదీ బాగానే ఉంది. కానీ బాయిలర్ లోపల గుడగుడమని చప్పుడు. ఈ కాలపు కండెన్సింగ్ బాయిలర్ పొగలోని ఆవిరిని నీళ్లుగా మార్చి, ఒక ప్లాస్టిక్ పైపు గుండా బయటికి వదులుతుంది. ఆ రాత్రి బయట మైనస్ 5. పైపు గడ్డకట్టింది, నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి. పైపు మీద గోరువెచ్చని నీళ్లు పోశాం. సలసల కాగే నీళ్లు పోస్తే పైపు పగలొచ్చు. ఆ తర్వాత ఒక్కసారే రీసెట్. బాయిలర్ నిలబడింది.

రోగాన్ని తెలుసుకోవడానికి ఆయుర్వేదం ఐదు దారులు చెప్పింది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. తెర మీది కోడ్ రూపం, అంటే పైకి కనిపించే లక్షణం. వెచ్చని నీళ్లు పోసి చూడటం ఉపశయం, అంటే ఉపశమనాన్ని బట్టి రోగాన్ని గుర్తుపట్టడం. నిదానం అంటే అసలు కారణం. అక్కడికి మేమింకా వెళ్లలేదు. అందుకే మర్నాడు రాత్రి పైపు మళ్లీ గడ్డకట్టింది. చలి వల్లే అనుకుందామంటే ఊరంతా అదే చలి. మా పైపు మరీ సన్నగా, గోడ వెంట బయట చాలా దూరం పోతోంది, పైన ఏ తొడుగూ లేదు. అదీ నిదానం.

మన తెలుగులో నిదానం అంటే నెమ్మది అని కూడా కదా. కారణానికీ, నెమ్మదికీ ఒకటే మాట ఉండటం నాకు భలే నచ్చుతుంది. నా ప్రశ్నకి జవాబు ఆ మాటలోనే దొరికింది. అణచుకోవడం అంటే కోడ్‌ని తెర మీంచి తుడిచేయడం. ఓర్చుకోవడం అంటే కారణం కనపడేదాకా ఆ చలిలో నిలబడగలగడం.

ఆ అబ్బాయి ప్రతి ఆదివారం వాళ్ల నాన్నగారితో ఫోన్‌లో మాట్లాడతాడు. ప్రతిసారీ గొడవే. చివర్లో "సారీ నాన్నా, వదిలేయండి" అని పెట్టేస్తాడు. వచ్చే ఆదివారం మళ్లీ అదే. "నేను ఓపిక పట్టట్లేదా అన్నా?" అని ఒకరోజు అడిగాడు. ఉన్న పార్ట్‌టైమ్ ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. అప్పు తెచ్చి పంపిన ఆ తండ్రి "ఎంత దాచావురా" అన్నప్పుడల్లా వీడికి ఒళ్లు మండుతుంది. కోపం ఆయన మీద కనిపిస్తోంది, కారణం దాచిన మాటలో ఉంది.

బాయిలర్‌లో ప్రెషర్ తగ్గిన ప్రతిసారీ లీక్ వెతక్కుండా నీళ్లు నింపుకుంటూ పోతే, కొత్త నీళ్లతో పాటు ఆక్సిజన్ లోపలికెళ్లి రేడియేటర్లు తుప్పుపడతాయి. కారణం వెతకని సారీలు కూడా బంధానికి అదే చేస్తాయి.

వాడికి నేను చెప్పింది ఒక్కటే, "ఆయన ఏం అడిగినప్పుడు మండుతోందో చూసుకో" అని. అంతకుమించి నేను చేయి పెట్టేది కాదు. బ్రిటన్‌లో గ్యాస్ సంబంధించిన మరమ్మతు ఎవరు పడితే వాళ్లు చేయకూడదు, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న ఇంజనీరే చేయాలి. ముల్లు చూడటం, పైపు మీద నీళ్లు పోయడం మన వంతు. లోపలి మూత మన వంతు కాదు. మనుషుల విషయంలో కూడా ఈ అధికార భేదం ఉంది. కొన్ని మూతలు ఆ మనిషే తీయాలి. లోపల మరీ బరువుగా ఉంటే తెలిసిన డాక్టర్ దగ్గరికి వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు.

మా ఓనర్ పైపు మార్పించాడు, బాయిలర్ మళ్లీ ఆగలేదు. ఆ అబ్బాయి కూడా ఇంట్లో చెప్పేశాడు. నాన్నగారు రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నారు, తక్కువ మాట్లాడుతున్నారు. పైపు మార్చినంత తేలికగా మనసు మారదు. కానీ ఆదివారం గొడవ ఆగింది.

తర్వాతి శ్లోకం, 34వది, ఇష్టాయిష్టాలు ఎక్కడ కాపు కాస్తుంటాయో చూపిస్తుంది. అణచమని వదిలేయకుండా, వాటి చోటు చూసుకుని లొంగకుండా ఉండమంటుంది. కాబట్టి ఈ వారం ఒక చిన్న సాధన. ఒకే మనిషి మీద, ఒకే మాటకి రెండోసారి కోపం వస్తే, వెంటనే సర్ది చెప్పేసుకోకండి. అరవనూ వద్దు. నిదానంగా, ఇది ఎక్కడి నుంచి వస్తోందో ఒక్క వాక్యం కాగితం మీద రాసుకోండి. మొదటిసారి రీసెట్ నొక్కడంలో తప్పులేదు. రెండోసారి కూడా అదే కోడ్ వచ్చిందంటే, అది మనతో ఏదో చెప్పాలనుకుంటోంది.

శుభం. వచ్చే వారం కలుద్దాం.