సిరొంచ దగ్గర ఒక పిట్ట

కలివికోడి అనే పిట్ట చరిత్ర రాసినవాళ్లు గోదావరి దాకా వచ్చేసరికి రెండు ఊళ్ల పేర్లు జంటగా చెబుతారు: సిరొంచ, భద్రాచలం. 1860ల చివర గోదావరి లోయలో రాతి పొరల సర్వే చేస్తూ తిరిగిన విలియం బ్లాన్‌ఫర్డ్ ఆ పిట్టను ఈ రెండు చోట్లా నమోదు చేశాడు. వృత్తికి భూగర్భ శాస్త్రవేత్త అయినా పిట్టల మీద గొప్ప ధ్యాస ఉన్నవాడు. అప్పటికి సిరొంచ నిజాం చేతినుంచి ఇంగ్లీషువాళ్లకు వచ్చి పదేళ్లు కూడా కాలేదు. తరవాత ఆ ఊరు చాందా జిల్లాలోకి, 1982లో గడ్చిరోలి జిల్లాలోకి వెళ్లింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండి. గోదావరి దాటితే కాళేశ్వరం. సరిహద్దులు ఇన్నిసార్లు మారినా బ్లాన్‌ఫర్డ్ రాసిన మాట పుస్తకం నుంచి పుస్తకానికి అలాగే నడిచి వచ్చింది.

ఒక్క చిన్న నమోదుకు అంత ఆయుష్షు ఎక్కడిదన్నది నన్ను వదలని ప్రశ్న.

జవాబు కోసం ముందు మ్యూజియం సొరుగు దాకా వెళ్లాలి. పక్షిశాస్త్రంలో కొత్త జాతికి పేరు పెడితే ఆ పేరు ఒక కళేబరానికి ముడిపడుతుంది. దాన్ని టైపు నమూనా అంటారు. పొట్టలో దూది కూరి, కాలికి చీటీ కట్టి, మ్యూజియం సొరుగులో వెల్లకిలా పడుకోబెట్టిన పిట్ట. అది తన జాతి మొత్తంలో చక్కనిది కానక్కర్లేదు. రెక్క విరిగినది కావచ్చు, ఈకలు పూర్తిగా రాని పిల్ల కావచ్చు. పేరు పెట్టినవాడి చేతికి ఆనాడు అందింది అది. రేపు ఎవరైనా ఇది ఒక జాతి కాదు, రెండు అని తేల్చినా, పాత పేరు ఎవరికి చెందాలో ఆ కళేబరాన్ని చూసే నిర్ణయిస్తారు.

దక్షిణ అమెరికా చీమపిట్టలను చదివేవాళ్లకు ఇది ఎప్పుడూ ఉండే పని. సైనిక చీమల దండు కదిలినప్పుడు బెదిరి లేచే పురుగులను పట్టి తినే అలవాటు వాటిలో కొన్నిటికి ఉంది. అందుకే ఆ పేరు. 230కి పైగా జాతులు. ఈకల్లో తేడా తెలియని చోట కూతను బట్టి విడదీస్తున్నారు. కూత విన్నవాడు కూడా చివరికి సొరుగు దగ్గరికే రావాలి. 1890లో ఫిలిప్ స్క్లేటర్ బ్రిటిష్ మ్యూజియం కేటలాగు పదిహేనో సంపుటంలో ఈ పిట్టలను వరసపెట్టాడు. ఆ కాలంలో కొలంబియా నుంచి వ్యాపారులు పంపిన తోళ్లకు చాలాసార్లు బొగోటా అన్న ఒక్క పేరే ఆధారం. ఏ కొండ మీద పట్టారు, ఏ నెలలో పట్టారు? చెప్పేవాళ్లు లేరు. చోటు తెలియని పిట్టను చూస్తే నాకు దిగులేస్తుంది. దాని ఒళ్లు మిగిలింది గాని బతుకు మిగల్లేదు.

కలివికోడి అదృష్టం కాస్త మెరుగు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ దాన్ని నెల్లూరు, కడపల వైపు కొండల్లో కనుగొన్నాడు. 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రనామం పెట్టాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో హోవర్డ్ క్యాంప్‌బెల్‌కు కనబడ్డాక మాయమైంది. అంతరించిందనే చాలామంది అనుకున్నారు. కానీ పాత నమోదులు ఉన్నాయిగా. నమోదంటే ముగిసిన పని అనుకుంటాం. నాకది రాసినవాడు తరవాతి తరం మీద వదిలిన అప్పుపత్రంలా కనిపిస్తుంది: ఇక్కడ ఉంది, వెళ్లి చూడండి అని. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఆ బాకీ తలకెత్తుకున్నాడు. 1986 జనవరిలో, లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లెలో, ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట ఆ పిట్టను సజీవంగా పట్టి తెచ్చాడు.

ఐతన్న పేరు మనకు తెలుసు. జెర్డాన్‌కు దారి చూపిందెవరు, బ్లాన్‌ఫర్డ్ వెంట సిరొంచ పొదల్లో నడిచిందెవరు? చీటీ మీద సేకర్త పేరుకు చోటుంది, పిట్ట ఎక్కడ దొరుకుతుందో చెప్పినవాడి పేరుకు లేదు. పిట్టకు తెలుగువాళ్లు వాడే పేరును జెర్డాన్ శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ పేరు చెప్పిన మనిషిని రాసుకోలేదు. కాలం అలాంటిదని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

చీటీ అబద్ధమాడితే ఏమవుతుందో అడవి పైడికంటె కథ చెబుతుంది. 1873లో హ్యూమ్ పేరు పెట్టిన ఈ చిన్న గుడ్లగూబ తరవాత జాడ లేకుండా పోయింది. 1914లో గుజరాత్‌లో పట్టానంటూ కర్నల్ మైనర్జాగన్ ఒక నమూనా చూపించాడు. అది వేరేవాళ్లు ఏనాడో సేకరించిన పిట్టను దొంగిలించి, చీటీ మార్చి కట్టినది. ఆ చీటీని నమ్మి వెతికినవాళ్ల శ్రమ వృథా అయింది. పమేలా రాస్‌ముసెన్ ఆ మోసాన్ని పసిగట్టి, నిజమైన చీటీలనే నమ్మి, 1997లో మహారాష్ట్రలో షహాదా దగ్గర పిట్టను చూసింది. చనిపోయిన పిట్ట విషయంలో చెప్పిన అబద్ధం బతికున్నదాన్ని ఎనభై ఏళ్లు దాచేసింది. ఆ కర్నల్‌ను నేను క్షమించలేను.

బ్లాన్‌ఫర్డ్ మాట మీద నాకు నమ్మకం ఉంది కాబట్టే ఈ బెంగ. 1986 తరవాత కలివికోడి జాడలన్నీ కడప, నెల్లూరు వైపే. ప్రాణహిత ఒడ్డున దాన్ని మళ్లీ చూసినట్టు లేదు. అది రాత్రి తిరిగే పిట్ట. ముళ్ల పొదల మధ్య ఖాళీల్లో పరుగెత్తుతుంది, ఎగిరేది తక్కువ. కడపలో దానికోసం పొదల మధ్య సన్నటి మట్టి పరిచి, తెల్లారి కాలిగుర్తులు వెతికారు. చీకట్లో కూత విన్నారు. అదే పని సిరొంచ చుట్టూ ఉన్న పొదల్లో కొన్ని ఎండాకాలాలు ఓపిగ్గా చేయాలి. మేకలు కాసేవాళ్లను వాళ్ల భాషలోనే, తెలుగులోనూ గోండిలోనూ, ముందుగా అడగాలి. పిట్టను పట్టనవసరం లేదు, చంపనవసరం లేదు; కూతను రికార్డు చేసి చోటు, వేళ, తేదీ రాస్తే చాలు. ఆ రాసే చోట, ఆ పొద చూపించినవాళ్ల పేరు కూడా ఉండాలి. వెతికి ఏమీ దొరక్కపోతే దొరకలేదనీ, ఎక్కడెక్కడ వెతికామో అదీ రాయాలి.