ఎవరి కోసం మోగే గంట?

కర్మయోగం వీడియో చూశాక మా ఫ్రెండ్స్‌లో ఒకడు సూటిగా అడిగాడు: "ఫలితం మీద ఆశ వదిలేస్తే, పని మీద శ్రద్ధ ఎక్కణ్ణుంచి వస్తుందిరా?" న్యాయమైన డౌటే. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఎనిమిది నెలలు కష్టపడి రాసిన కోడ్‌ని రిలీజ్‌కి ముందే పక్కన పెట్టేసిన ప్రాజెక్టులో నేనూ ఉన్నాను. మరి ఆ ఎనిమిది నెలలూ వృథాయేనా?

నాకు జవాబు ఒక పాత బంగారు జేబు గడియారం కథలో దొరికింది.

దాన్ని రిపీటర్ అంటారు. కరెంటు దీపాలు లేని కాలంలో, చీకట్లో కూడా టైమ్ తెలియడానికి చేసిన గడియారం. పక్కనున్న మీట కదిపితే లోపలి చిన్న సుత్తులు మోగుతాయి. మూడు గంటల యాభై నిమిషాలైతే, గంటలకు మూడు దెబ్బలు, పావుగంటలకు మూడు జంట దెబ్బలు, మిగిలిన నిమిషాలకు ఐదు. లోపల నత్తగుల్ల ఆకారంలో మెట్లు కోసిన బిళ్ల ఉంటుంది. గంటల బిళ్లకు పన్నెండు మెట్లు. ఒక చిన్న చెయ్యి ఏ మెట్టు మీద ఆనితే అన్ని దెబ్బలు పడతాయి. ఒక్క మెట్టు తేడాగా కోస్తే గడియారం అబద్ధం చెప్పినట్టే.

1783లో ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ కోసం ఇలాంటి గడియారం ఒకటి చెయ్యమని పారిస్‌లో అబ్రహాం లూయీ బ్రెగేకి ఆర్డర్ వచ్చింది. గడువు లేదు, ధరకు హద్దు లేదు. వీలైన ప్రతి చోటా బంగారమే వాడాలి. మొత్తం 823 భాగాలు. 1793లో రాణిని గిలెటిన్ ఎక్కించారు. 1823లో బ్రెగే కూడా పోయాడు. అయినా ఆయన వర్క్‌షాప్ పని ఆపలేదు. 1827లో గడియారం పూర్తయింది.

పెట్టుకోవాల్సిన మనిషే లేదు. మెప్పు పొందాల్సిన మనిషీ లేడు. కానీ సుత్తి దెబ్బ సరిగ్గా పడాలన్న పట్టుదల మాత్రం పోలేదు. ఇక్కడే నాకు విషయం అర్థమైంది. పనికి చెందిన ఫలితం వేరు, నాకు రావాల్సిన ఫలం వేరు. గంట సరిగ్గా మోగడం మొదటిది. దాని వల్ల పేరు రావడం రెండోది. కృష్ణుడు వదలమన్నది రెండోదాన్నే. గీత రెండో అధ్యాయంలో ఫలాసక్తి మాట వచ్చిన మూడు శ్లోకాలకే పనిలో నేర్పు మాట రావడం ఊరికే కాదు.

"అది రాజుల సొమ్ము బ్రో, మనకెందుకు" అంటారేమో. మా కృత్తివెన్ను నుంచి బందరు వెళ్తే చిలకలపూడి ఉంది, రోల్డ్ గోల్డ్ నగలకు పేరున్న ఊరు. అక్కడ బంగారం పల్చని పొర మాత్రమే. దాన్ని నకిలీ అని తీసిపారేస్తాం. కానీ రోల్డ్ గోల్డ్ అని చెప్పే అమ్ముతారు కదా, అందులో మోసమేముంది? కొనే అమ్మాయికి ఆ అతుకు కనబడదు, అతికిన మనిషి పేరూ తెలియదు. అయినా అతుకు గట్టిగా ఉండాలి. బ్రెగే వర్క్‌షాప్‌లో ఉన్న ధర్మమే ఇక్కడా ఉంది, లోహం మాత్రమే మారింది.

ఒక్క జాగ్రత్త. నిష్కామ కర్మ అంటే జీతం అడగకపోవడం కాదు. ఆ మాట మనం మన మనసుకు చెప్పుకోవాల్సింది. పనికి తగ్గ కూలి ఇవ్వాల్సినవాడు, ఇవ్వకుండా తప్పించుకోవడానికి మనకు గీత చెబితే, అది గీత కాదు, లెక్క ఎగ్గొట్టడం. కూలి న్యాయంగా అడుగుదాం. కానీ పని నాణ్యతని ఆ మెప్పుకి తాకట్టు పెట్టొద్దు.

ఈ వారం ఒక్క పని చేసి చూడండి. ఎవరూ చూడరని తెలిసిన ఒక చిన్న పనిని, స్వామికి నైవేద్యం పెట్టినంత శుభ్రంగా పూర్తి చెయ్యండి. తర్వాత దాని గురించి ఎవరికీ చెప్పకండి.

కృష్ణార్పణమస్తు.