ఎత్తునుండి చూచువాడు

బిలాస్‌పూరు చదునైన నేలమీది ఊరు. బెంగాల్ నాగపూరు రైల్వేవారి మార్గము వచ్చిన పిదప పెరిగినది; 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రము. రైలు కొలువులకై వచ్చిన తెలుగువారు అచ్చట తరతరములుగా నున్నారు. లోకమును ఎత్తునుండి చూడవలెనను కోరిక పుట్టినవారు ఉత్తరముగా సుమారు 25 కిలోమీటర్లు పోయి, కలచురి రాజుల పూర్వ రాజధానియగు రతన్‌పూరులో రామటేకరి యెక్కుదురు.

పైనుండి చెరువులు అద్దపు ముక్కలవలె కనిపించును. ఇండ్లన్నియు ఒకదానితో నొకటి సఖ్యముగా నున్నట్లు తోచును. ఆ కప్పుల క్రింద అప్పులున్నవి, దాయాదుల తగవులున్నవి, జ్వరముతో పడియున్న బిడ్డలున్నారు; ఏదియు కనబడదు. కొండ యెక్కినవాడు దీనినే శాంతి యనును. అది అతనికి కలిగిన జ్ఞానమా, లేక దూరము చేసిన ఉపకారమా యనునది విచారింపదగినది. దుఃఖమును చూచి దాటినవాని నెమ్మది వేరు, చూడనివాని నెమ్మది వేరు. మనము రెండింటిని ఒకే పేరుతో పిలుచుచుందుము.

బార్సిలోనా నగరముపై 512 మీటర్ల ఎత్తున టిబిడాబో యను కొండ కలదు. 1901 నుండి దానిమీద వినోదశాల నడచుచున్నది. 1928లో అమర్చిన ఎఱ్ఱ విమానము అందు ప్రసిద్ధము. ప్రక్కనే చర్చి. కొండపేరునకు లాటినులో ‘నీకిత్తును’ అని యర్థము. సైతాను క్రీస్తును కొండపై నిలిపి సర్వరాజ్యములను చూపిన బైబిలు కథనుండి వచ్చినదందురు. ఆ కథలో ప్రలోభము చూపుతోనే మొదలగును. చూచినదెల్ల తనది యనిపించుటకు ఎత్తు చాలును, సింహాసన మక్కఱలేదు.

ఈ విషయమున మేళాలోని రాట్నము కొండకంటె నిజాయితీ గలది. ఛత్తీస్‌గఢ్ మేళాలలో చేతులతో త్రిప్పు కొయ్యరాట్నమును రహచులి యందురు. (మనకు నూలు వడుకునదియు రాట్నమే; రెండింటను చేయి పనిచేయవలసినదే.) ఎక్కినవానికి ఎత్తు దొరకును గాని, అది మఱియొకని భుజబలమువలన దొరకినదని ప్రతి చుట్టునను తెలియుచుండును. దిగివచ్చునపుడెల్ల త్రిప్పువాని చెమటముఖము ఎదురగును. 1893లో చికాగోలో జార్జి ఫెర్రిస్ నిలిపిన మహాచక్రమునకు 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది. ఆవిరియంత్రములు దానిని త్రిప్పినవి. భుజముల బరువు తగ్గినది, అది మేలే. వానికి ఇంధనము సమకూర్చినవాడు మాత్రము ఎక్కినవారి కంట పడలేదు. కోర్బానుండి వచ్చు బొగ్గుబండ్లను నిత్యము చూచు బిలాస్‌పూరువారికి ఇది విడమరచి చెప్పనక్కఱలేదు.

రహచులి యెక్కిన పిల్లవాడు ఊరినంతను చూచి, క్రిందికి వచ్చి, ఇంకొక చుట్టు అడుగును. త్రిప్పువాడు అరచేతులు తుడుచుకొని మరల కొయ్యను పట్టుకొనును.